గుబురయ్యగారి పుస్తకాల గది

ఒక పెద్ద అడవిలో చదువు వచ్చినవాళ్లు ముగ్గురే ఉండేవారు. గ్రంథాలయ సంఘంలో సభ్యులు మాత్రం నలభైమంది.

ముగ్గురిలో ఒకరు తాబేలు మేష్టారు. రెండో అతను సంఘం కార్యదర్శి ఉడుము. అతనికి సంతకం వరకే వచ్చు. మూడో ఆవిడ సంగతి తరవాత చెబుతాను. ఆవిడ తొందరపడదు, మీరూ తొందరపడకండి.

సంఘం అధ్యక్షుడు ముసలి కొంగ ఒకనాడు ఉపన్యాసం మధ్యలో, ఒంటికాలి మీద నిలబడే ప్రాణం వదిలాడు. ఆలోచిస్తున్నాడనుకుని సభ్యులు రెండు రోజులు కదలకుండా కూర్చున్నారు. అంత మంచి ఉపన్యాసం ఎప్పుడూ వినలేదని కొందరు మెచ్చుకున్నారు కూడా. మూడో రోజున కుర్చీ ఖాళీ అయిందని తెలిసింది.

అది మామూలు కుర్చీ కాదు. సభలో మృగరాజు పక్కనే వేస్తారు. ఎలుగుబంటి గుబురయ్య కన్ను దాని మీద పడింది. వాళ్ల తాత, తండ్రి, తను, మూడు తరాలుగా సభలో దుమ్ములగొండి వెనక కూర్చున్నారు. దుమ్ములగొండి వెనక కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

మృగరాజు నిబంధన చెప్పాడు. "ఎవరింట్లో గ్రంథాలయం బాగుంటే వాళ్లకే కుర్చీ. రెండు నెలల తరవాత నేనే వచ్చి చూస్తాను."

తాబేలు మేష్టారు మెడ బయటికి చాపాడు. "ప్రభూ, మన గ్రంథాలయంలో మూడొందల తాటాకు పుస్తకాల కట్టలున్నాయి. రెండొందల తొంభై తొమ్మిది చదివాను. మూడొందలోది సగంలో ఉంది. కానీ నా ఇల్లు నా వీపు మీద ఉంది. అందులో అరలు ఎక్కడ కొట్టించను?"

"ఇంట్లో అరలు లేనివారు అనర్హులు," అన్నాడు ఉడుము తల ఎత్తకుండా. "తరవాతి వారు?"

తరవాతి వారు గుబురయ్య ఒక్కడే.

గుబురయ్యకి చదువు రాదు. అరలూ లేవు. ఉన్నది ఒక గుహ. గుహలో వాన కారని మూల ఒక్కటే. ఆ మూలనే పిల్లలిద్దరూ తిండి తినేవారు. ఆ మూలనే గుబురయ్య తల్లి ఇప్పమ్మ పడుకునేది.

ఇప్పమ్మే ఆ మూడో ఆవిడ. చదువు అంటే పెద్ద చదువేం కాదు. అక్షరం మీద గోరు పెట్టి, పక్క అక్షరం మీదకి జరిపి, రెండూ కలిపి నోట్లో నమిలితే గానీ మాట అయ్యేది కాదు. ఒక ఆకు చదవడానికి ఒక పూట పట్టేది. కానీ చదివింది చదివినట్టు ఉండేది. తప్పు చదవడం ఆవిడ ఒప్పుకోదు, ఎదటివాళ్లు చదివినా ఒప్పుకోదు. ఆవిడ దగ్గర ఒకటే కట్ట ఉంది. అత్తగారు ఇచ్చింది. అంచులు పొగచూరి నల్లగా ఉంటుంది. పడుకునేటప్పుడు తలకింద పెట్టుకుంటుంది.

గుబురయ్య గిజిగాణ్ణి పిలిపించాడు. అడవిలో ఇళ్ల లోపలి సొగసు చూసేది గిజిగాడే. పసుపు తలపాగా లాంటి నెత్తి, ఒక్కచోట నిలవని కాళ్లు.

గిజిగాడు గుహలో నాలుగు మూలలా ఎగిరి చూసి, సరిగ్గా ఇప్పమ్మ నెత్తిన వాలాడు. "ఇదీ చోటు! లైబ్రరీ ఇక్కడే రావాలి అయ్యగారూ!"

గుబురయ్య భార్య నేరేళ్లమ్మ అడ్డం వచ్చింది. "ఏమండీ, మరి పిల్లలు ఎక్కడ తింటారు? చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారు? ఉన్న పొడిమూల ఒక్కటే కదా!"

"అమ్మగారూ, అసలు నా గొప్పంతా అక్కడే ఉంది," అన్నాడు గిజిగాడు. "సంసారానికీ సరిపోవాలి, వచ్చే పెద్దమనుషులకీ సరిపోవాలి. ఇదిగో ఈ పలక దించితే పిల్లలు తిండి తినే బల్ల. పైకెత్తితే అరకి తలుపు. కింది అరలు పిల్లలకి అందేలా, పై అరలు అతిథులకి కనబడేలా. ఎర్ర తాడు కట్టలన్నీ పైన, పచ్చ తాడువి మధ్యలో, నీలం తాడువి కింద. గోడలకి మిణుగురుల దీపాలు. మృగరాజు కూర్చోడానికి మెత్తటి గడ్డి దిండు."

"మరి అమ్మో?" అంది నేరేళ్లమ్మ.

"అవ్వగారికి గుమ్మం పక్కన. గాలి బాగా ఆడుతుంది."

ఇప్పమ్మ అతని వంక తిరిగింది. "ఏమయ్యా, ఇన్ని ఇళ్లు కట్టావు కదా. నువ్వు ఎందులో ఉంటావు?"

"నేను కడతానండీ. ఉండను."

"అనుకున్నాను," అంది ఇప్పమ్మ.

గిజిగాడు ఆవిడ కట్టని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాడు. "ఇది ఏ వరసలోనూ రంగు కలవదు. గుమ్మం దగ్గరే ఉంచుకోండి అవ్వా."

ఆ మాట అడవిలో అందరూ మర్చిపోయి ఉంటారు. ఇప్పమ్మ మర్చిపోలేదు.

ఇక అరలు నిలబెట్టాలి. పూతకి మెత్తటి మన్ను కావాలన్నాడు గిజిగాడు. రాయి ఉండకూడదు, ఇసక ఉండకూడదు, ఆరితే పగలకూడదు.

గుబురయ్య రొమ్ము చరుచుకున్నాడు. "మన్ను సంగతి నాకొదిలెయ్. ఈ అడవిలో ఏ పుట్ట ఎక్కడుందో మా వంశానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పుట్టమన్నుని మించిన మన్ను లేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎలుగుబంట్లకి చెదపురుగులంటే ప్రాణం. పుట్ట తవ్వుతాయి, మూతి పెట్టి ఉఫ్ అని దుమ్ము ఊదుతాయి, జుర్రుమని పురుగుల్ని పీల్చుకుంటాయి. కానీ వాళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పుట్ట దగ్గరే తినాలి, అక్కడే ఒళ్లు దులుపుకోవాలి, ఆ మన్ను బెడ్డ కూడా గుమ్మం దాటకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

గుబురయ్య బుట్టలకొద్దీ పుట్టమన్ను తెచ్చి గుహ నడిమధ్య పోశాడు.

ఇప్పమ్మ లేచి కూర్చుంది. "ఒరే గుబురా, ఆ మన్ను..."

"అవ్వా, ఇది డిజైను విషయం," అన్నాడు గిజిగాడు.

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు కొడుకు.

ఇప్పమ్మ ఊరుకుంది. మళ్లీ నోరు తెరవాలంటే వాళ్లు అడగాలని అప్పుడే అనుకుంది. తన దుప్పటీ, కట్టా తీసుకుని గుమ్మం పక్కకి పోయింది. కట్టలో కొత్త వేపాకు పెట్టింది, పక్కన చిన్న పొగ వేసుకుంది, పడుకుంది.

అరలు లేచాయి. మరి పుస్తకాలో? ఉడుము ఒట్టి కాగితం మీద సంతకం పెట్టాడు. గ్రంథాలయంలోని మూడొందల కట్టలూ 'భద్రపరచుట నిమిత్తం' గుబురయ్యగారి ఇంటికి తరలివెళ్లాయి. తాబేలు మేష్టారు బండి వెనకాలే వచ్చాడు, తన నడకన. ఆయన చేరేసరికి కట్టలన్నీ రంగు వరసల్లో సర్దేశారు.

"నా సగం చదివిన కట్ట ఒక్కటి ఇప్పించండి," అన్నాడు.

"ఏ రంగు తాడు?" అన్నాడు గిజిగాడు.

"రంగు చూడలేదు నాయనా. చదువుతున్నాను."

"ఇంట్లో అరలు లేనివాళ్లకి కట్టలతో ఏం పని మేష్టారూ?" అన్నాడు ఉడుము.

మేష్టారు గుమ్మం దగ్గర కూలబడ్డాడు. ఇప్పమ్మ తన పొగ కొంచెం ఆయన వైపు జరిపింది.

ఇరవై రోజులు గడిచాయి. ఒక పొద్దున చిన్నవాడు బల్ల ముందు కూర్చుని చెవి నిక్కించాడు. అరలోంచి సన్నగా చిటచిట వినిపిస్తోంది. రెండు కట్టల మధ్య మూతి దూర్చాడు. ఉఫ్ అన్నాడు. జుర్రుమన్నాడు.

"అన్నయ్యా! ఇలా రా!"

ఆ రోజు నుంచి పిల్లలు ఇల్లు కదల్లేదు. చెట్టెక్కమన్నా ఎక్కలేదు, వాగులోకి పంపినా పోలేదు. పొద్దస్తమానం పుస్తకాల్లో మూతి పెట్టుకునే కూర్చున్నారు. వారం తిరక్కుండా తల్లీ కూర్చుంది. తరవాత గుబురయ్య కూడా. గాలికీ వానకీ తిరిగి పుట్టలు వెతుక్కునే బాధ తప్పింది. పలక దించడం, తినడం, పలక ఎత్తడం.

"గిజిగాడు చెప్పింది చెప్పినట్టు చేశాడండీ," అంది నేరేళ్లమ్మ మూతి తుడుచుకుంటూ. "సంసారానికి ఇంత పనికొచ్చే గది ఇంకోటి లేదు."

అడవంతా ఇదే మాట. దారిన పోయేవాళ్లు గుహలోకి తొంగిచూసి దండం పెట్టారు. లేడి తన పిల్లల్ని తిట్టింది. "గుబురయ్యగారి పిల్లల్ని చూసి బుద్ధి తెచ్చుకోండి! తిండి కూడా పుస్తకాల దగ్గరేనట!" గిజిగాడికి పదకొండు ఇళ్ల నుంచి కబురొచ్చింది. అందరూ ఆ మన్నే కావాలన్నారు.

ఒకసారి గుబురయ్యకి అనుమానం వచ్చి ఎర్ర తాడు కట్ట ఒకటి విప్పాడు. పై ఆకు ఉంది, కింద ఆకు ఉంది. మధ్యలో దుమ్ము.

"ఇదేమిటయ్యా?"

గిజిగాడు తాడు మళ్లీ బిగించి, ముడి అందంగా పక్కకి తిప్పాడు. "అయ్యగారూ, అతిథులు చూసేది అంచు. కట్ట విప్పి చూసేవాళ్లు ఈ అడవిలో ఎవరున్నారు?"

ఉన్న ఒక్కడూ గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన్ని లోపలికి రానివ్వరు. గుబురయ్య నిమ్మళించాడు.

చెప్పిన రోజు మధ్యాహ్నం మృగరాజు వచ్చాడు. వెనక ఉడుము. గుమ్మంలో ముసలమ్మనీ మేష్టారినీ దాటుకుని లోపలికి వెళ్లి దిండు మీద కూర్చున్నాడు. మిణుగురుల వెలుగులో ఎరుపూ పచ్చా వరసలు చూసి మీసం దువ్వాడు. పిల్లలు తల తిప్పి కూడా చూడలేదు. మూతులు కట్టల్లో ఉన్నాయి.

"ఆహా!" అన్నాడు మృగరాజు. "ఏం బాబూ, ఏ అర బాగుంది?"

"మూడోది రాజుతాతా," అన్నాడు చిన్నవాడు. "కొత్తవి మెత్తగా ఉన్నాయి. పాతవాటిలో ఏమీ మిగల్లేదు."

"ఇంత వయసుకే ఎంత పరిశీలన!" అని మృగరాజు ఉడుము వైపు తిరిగాడు. "ఇంకెందుకు ఆలస్యం, కుర్చీ ఈయనకే. అన్నట్టు గుబురయ్యా, ఈ అడవి మా వంశానికి ఎలా వచ్చిందో రాసిన కట్ట ఒకటి ఉండాలి. మా తాత చెప్పేవాడు. నాలుగు ముక్కలు చదివి వినిపించు. ఈ వేళ మనసు బాగుంది."

గుబురయ్య అరల వంక చూశాడు. ఏది ఏ కట్టో తెలియదు, తెలిసినా చదవలేడు. ఉడుమే పై అర మీదున్న అన్నిటికంటే లావు కట్ట చూపించాడు. గుబురయ్య లాగాడు. తాడు చేతికొచ్చింది. సింహాల వంశం మొత్తం బూడిదలా జారి మృగరాజు జూలు మీద పడింది. అందులోంచి పురుగులు బిలబిలా దిగాయి.

"అన్నయ్యా, ఇందులో ఎన్నో!" అని చిన్నవాడు దూకాడు.

మృగరాజు జూలు మీదే ఉఫ్. మృగరాజు జూలు మీదే జుర్రు.

మృగరాజు పంజా లేచింది. ఉడుము గబగబా ఆయన చెవి దగ్గరికి పాకాడు.

"ప్రభూ, ఆగండి. ఈ కట్ట పోయిందని బయటికి పొక్కితే చిరుతలు రేపు పొద్దున్నే తగువుకి వస్తాయి. అడవి మీదేనని రుజువు ఏదీ?"

పంజా గాలిలో కాసేపు ఆలోచించింది. తరవాత మెల్లగా గుబురయ్య భుజం మీద వాలింది.

"అద్భుతమైన గ్రంథాలయం," అన్నాడు మృగరాజు. "ఇంత అమూల్యమైన కట్టల్ని ఇక ఎవరూ ముట్టకూడదు. గుబురయ్యా, నువ్వే అధ్యక్షుడివి. బతికున్నంతకాలం. కుర్చీ ఇక్కడికే పంపిస్తాను. ఈ అరల ముందు వేసుకుని కూర్చో. రాత్రీ పగలూ కదలకు. ఒక్క కట్ట విప్పినట్టు తెలిసినా నీ తోలే నాకు దిండు."

కుర్చీ వచ్చింది. గుబురయ్య కూర్చున్నాడు. ఆ కుర్చీ పక్కన సింహం లేదు. సభకి వెళ్లేవాడు కాదు కనక ముందు దుమ్ములగొండి కూడా లేదు.

నెలరోజుల్లో కట్టల్లో తినడానికి ఏమీ మిగలక చెదపురుగులు వాటి దారిన అవి పోయాయి. పిల్లలు పుట్ట తవ్వడం మర్చిపోయారు, గోళ్లు మెత్తబడ్డాయి. ఆకలికి ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చారు. ఇప్పమ్మ ఇద్దరి చెవులూ మెలేసి, దగ్గర్లో ఉన్న పుట్ట దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ మొదటి నుంచి నేర్పింది. తిన్నాక దులుపుకోనిదే ఇంటికి రానివ్వలేదు.

మిగతా పొద్దంతా ఆవిడా మేష్టారూ ఆ ఒక్క కట్టే ముందేసుకుని కూర్చునేవారు. అడవిలో చదవడానికి ఇంకేదీ లేదు.

"నా సగం చదివిన కట్ట ఏమైందంటారు ఇప్పమ్మగారూ?" అన్నాడు మేష్టారు ఒకరోజు.

"సగం మీ బుర్రలో ఉంది. మిగతా సగం మా మనవల కడుపులో ఉంది. ముందుకి జరగండి, వెలుగు అడ్డం."

లోపల కుర్చీలోంచి గుబురయ్య ఇదంతా వింటున్నాడు. ఒట్టి కట్టల్ని చూసి చూసి కళ్లు కాయలు కాచాయి. చివరికి పిలిచాడు.

"అమ్మా, నీ కట్టలో ఏముందే?"

మూడు నెలలు ఎదురుచూసిన ప్రశ్న, కొడుకునీ కొంచెంసేపు ఎదురుచూడనిచ్చింది ఇప్పమ్మ. తరవాత తాడు విప్పి, వేపాకు తీసి పక్కన పెట్టి, మొదటి ఆకు మొదటి వరస మీద గోరు ఆనించింది.

"అడిగావు కనక చెబుతున్నాను. వినుకో. పుట్ట... మన్ను... ఇంటికి... తేరాదు."

"ఈ ముక్క అప్పుడే చెబితే ఏం పోయేదే?"

"అది డిజైను విషయంరా," అంది ఇప్పమ్మ, గోరు రెండో వరస మీదకి జరుపుతూ.

నీతి: ఇంట్లో గ్రంథాలయం కట్టిస్తే చదివేవాళ్లని తప్పకుండా గుమ్మంలోకి తోలెయ్యండి, ఒక్క పుస్తకమైనా మిగులుతుంది.