పదకొండు మంది మోకాళ్ళు

మందుల మీద చేసిన పరిశోధనను సగమే రాసి అచ్చు వేయడాన్ని మించిన లోకోపకారం మరొకటి లేదు. పాఠకులారా, నవ్వకండి. రోగికి ముందుగా కావలసింది ధైర్యం. ఉన్నదంతా రాసి పారేస్తే ఇక ధైర్యం ఎక్కడ మిగులుతుంది?

ఈమధ్య కొందరు పెద్దమనుషులు బయలుదేరారు. ఎంతమందితో మొదలుపెట్టారు, మధ్యలో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు, మందు ఎంత మోతాదు ఇచ్చారు, మందు తీసుకోని వాళ్ళతో పోల్చి చూశారా, ఇవన్నీ రిపోర్టులో వరుసగా రాయాలట. దానికో చెక్‌లిస్టు కూడా తయారు చేశారు! పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు ఇంటర్ ఎన్నిసార్లు తప్పాడో అచ్చు వేస్తామా? శుభమా అని రిపోర్టు వేసుకుంటుంటే ఈ గోలంతా ఎందుకు?

ఆర్మూర్‌లో పసుపు వ్యాపారం చేసే మధుకర్‌కు ఈ చెక్‌లిస్టు సంగతి తెలియదు. అదే ఆయన అదృష్టం. మోకాళ్ళ నొప్పులకు పసుపులో ఇంకేవేవో కలిపి బిళ్ళలు చేయించి, వాటి మీద పరిశోధన కూడా తనే చేయించాడు. బిళ్ళలో ఏమేం కలిపారో రిపోర్టులో లేదు. అన్నీ చెప్పేస్తే ఇక రుచి ఏముంటుంది?

పరిశోధనకు మనుషుల కోసం ఎక్కడికో పోవలసిన పని లేదు. పొద్దంతా గొంతుక్కూర్చుని పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్ళు మార్కెట్ యార్డు నిండా ఉన్నారు. ఏ మోకాలు తట్టినా నొప్పే. ముప్పై తొమ్మిది మంది పేర్లు రాసుకుని, నలభయ్యో పేరుగా సొంత తల్లి కమలాబాయిని చేర్చాడు.

మార్చిలో బిళ్ళలు మొదలయ్యాయి. మే చివర లెక్క తీస్తే నలభై మందిలో పదకొండు మంది మిగిలారు. పదకొండు మందీ నొప్పి తగ్గిందన్నారు. నూటికి నూరు శాతం! ఆర్ట్ పేపరు మీద, నాలుగు రంగుల్లో రిపోర్టు వచ్చింది.

మరి మిగతా ఇరవై తొమ్మిది మంది? వాళ్ళ ఊసెత్తి అంత మంచి కాగితం పాడుచేసుకుంటారా ఎవరైనా? మార్చిలో కుప్పల మధ్య మడిచి ఉంచిన మోకాలు, మేలో సీజన్ అయిపోయి ఇంట్లో హాయిగా చాపుకుని ఉందన్న సంగతి కూడా రాయలేదు. బిళ్ళ సాధించిన కీర్తిలో ఎండాకాలానికి వాటా ఎందుకివ్వాలి?

ఆ రిపోర్టు పట్టుకుని మధుకర్ భీమ్‌గల్‌లో క్యాంపు ఏర్పాటు చేశాడు. సోమవారం నాడు బిళ్ళలు ఉచితం. రెండు వందల మంది పేర్లు ఇచ్చారు. అంతా సవ్యంగా సాగుతుండగా శుక్రవారం పొద్దున ఎస్తేరమ్మ దుకాణం మెట్లెక్కింది. యార్డులో పదిహేనేళ్ళుగా పసుపు ఏరుతున్న మనిషి. చేతిలో నాలుగు రంగుల రిపోర్టు ఉంది.

"సేటు, గీ కాగితం మా బిడ్డతోని చదివిపిచ్చిన. గిండ్ల నేనెక్కడున్న?"

"నువ్వు నడుమల ఇడిసిపెట్టినవ్ గద ఎస్తేరమ్మ. ఇడిసిపెట్టినోళ్ళు లెక్కకు రారు."

"ఊకెనే ఇడిసిపెట్టిన్నా? కడుపుల మంట లేసి మూడు దినాలు దవాఖానల పడ్డ. నాతోని ఏరే ఆశమ్మకు సుత గట్లనే అయింది. ఎందుకు మానేసినవని మమ్ముల ఎవలన్న అడిగిన్రా?" ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "భీమ్‌గల్‌ల మా చెల్లె నీలవ్వ పేరిచ్చింది. దానికి మొదలే కడుపుల పుండున్నది. వద్దే అంటే ఇంటలేదు. కాగితంల అందరికీ మంచిగైందని రాసిన్రు, నీ ఒక్కదానికే పడలేదంటున్నది."

చూశారా రిపోర్టు మహిమ! సొంత అక్క కడుపుమంటను కూడా అబద్ధం చేసి పారేసింది.

సైన్సులో ఇలాంటివి మామూలేనని మధుకర్ సర్దిచెప్పబోయాడు. ఎస్తేరమ్మ దుకాణంలో మిగిలిన ఆఖరి పసుపు కుప్పను చూపించింది.

"ఇన్నేండ్ల సంది మిమ్ముల చూస్తున్న సేటు. కుప్ప మీది కొమ్ము మీరెన్నడు పట్టలే. మోచేతి దాక చెయ్యి వెట్టి, అడుగుకెల్లి తీసి, ఇరిచి చూసినంకనే ధర చెప్తరు. నలభై కొమ్ములల్ల ఇరవై తొమ్మిది దాసిపెట్టి, పదకొండు మీద పేర్చి తెస్తే కొంటరా?"

కొనడు. పైన నిగనిగలాడే కొమ్ములు పేర్చి తెచ్చినవాడి మొహం కూడా ఆయన మళ్ళీ చూడడు. ఇరవై ఏళ్ళుగా ఏ కుప్పకూ మోసపోని చెయ్యి, తన సొంత కాగితం దగ్గర మాత్రం పైపైనే ఆగిపోయింది. మధుకర్‌కు సిగ్గేసింది. తల వంచుకుని ఇంటికి పోయాడు.

ఇంట్లో కమలాబాయి మంచం మీద కూర్చుని మోకాలికి నువ్వులనూనె రుద్దుకుంటోంది. కొడుకును చూసి గబుక్కున చీర కిందికి లాక్కుంది.

"అమ్మా, తగ్గిందన్నవ్ గద?"

"తగ్గింది బిడ్డా."

"మరి గీ నూనె ఎందుకు?"

ఆమె నూనె గిన్నెను మంచం కిందికి నెట్టింది. "గంత సంబురంగ అడిగితివి. తగ్గలేదంటే నీ మొహం చిన్నబోతదని గట్లన్న."

శనివారం మధుకర్ ఇరవై తొమ్మిది గడపలూ ఎక్కాడు. ఆదివారానికి ఒంటి కాగితం మీద, నలుపు తెలుపుల్లో ఇంకో రిపోర్టు వచ్చింది. బిళ్ళలో ఏమేం కలిపారో మొదటే ఉంది. కింద ఇలా ఉంది: "నలభై మందిలో పద్నాలుగు మంది నొప్పి తగ్గలేదని మానేశారు. తొమ్మిది మంది కడుపులో మంటతో మానేశారు, అందులో ఇద్దరు దవాఖానలో చేరారు. ఆరుగురు ఊళ్ళకు పోయారు. మిగిలిన పదకొండు మందిని అడిగిన నాటికి యార్డులో పని లేదు. వారిలో ఒకరు కొడుకు కోసం తగ్గిందన్నారు."

ఆ కాగితాన్ని భీమ్‌గల్‌లో అంటించి, క్యాంపు రద్దు చేశాడు.

ఇప్పుడు చెప్పండి, ఉన్నదంతా రాసి ఆయన ఏం బావుకున్నాడు? రిబ్బను కత్తిరించలేదు, ఎవరూ శాలువా కప్పలేదు, పేపర్లో ఫోటో రాలేదు. ఆ కాగితం చదివి ఊళ్ళో ఒక్క మోకాలి నొప్పీ తగ్గలేదు.

సోమవారం పొద్దున నీలవ్వ రెండు జొన్నరొట్టెలు తిని, కడుపులో ఏ మంటా లేకుండా పొలానికి పోయింది. ఆమె గురించి ఏ రిపోర్టులోనూ ఒక్క ముక్క లేదు. రాయవలసినంత కష్టం ఆమెకు రాలేదు.