హుస్సేనీ ఆలం సందులో పొడుగు కారు

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. మా గేటు ముందు వ్యాన్ ఎలా వచ్చిందనేగా మీ అనుమానం?

బండి కొనాలనుకున్నప్పుడు నాకు కావలసింది కారు. ముందు ముక్కూ వెనక డిక్కీ ఉన్న పొడుగు కారు. వ్యాన్ అంటే నాకు ఒళ్ళుమంట. అందులో స్కూలు పిల్లలు ఎక్కుతారు, పాలప్యాకెట్లు ఎక్కుతాయి, సినిమాల్లో హీరో చెల్లెల్ని ఎత్తుకుపోయే రౌడీలు ఎక్కుతారు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సూపరింటెండెంటు ఎక్కడు.

"అయితే మా అమ్మని డిక్కీలో పెడతారా?" అంది మా ఆవిడ బాలత్రిపురసుందరి.

గొడవంతా అక్కడే. మా అత్తగారు లక్ష్మీకాంతమ్మగారికి మోకాళ్ళు వంగవు. కారులోకి వంగి దూరలేరు, ఆటోలో కాళ్ళు చాపలేరు. రెండేళ్ళుగా సంతోష్‌నగర్‌లో మా గడప దాటలేదావిడ. వ్యాన్ అయితే తలుపు పక్కకి జరిపి ఎత్తు సీటు మీద కూర్చోబెట్టొచ్చని సుందరి వాదన.

"వ్యాన్‌లో ఆఫీసుకి వెళితే గేటు దగ్గర సలాం కొట్టరే! సామాను ఎక్కడ దించాలని అడుగుతారు."

"మీ సీటు చూపించండి. అక్కడే దింపుతారు."

ఇంతలో మా వీధి చివర కుర్చీలూ మంచాలూ అమ్మే అజ్మత్ అలీ కూతురు ఫరీహా నికా వచ్చింది. పాతబస్తీలో హుస్సేనీ ఆలంలోని వాళ్ళ పాత ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం. వీధి మొత్తానికీ పిలుపు.

"ఒక పని చేద్దాం. మీరు మీ ఆఫీసు ఫణికుమార్‌గారి కారు అడిగి తెచ్చుకోండి. మేం మన వీధి రామ్‌చందర్ నడిపే స్కూలు వ్యాన్‌లో వస్తాం. అక్కడ ఎవరు మర్యాదగా దిగితే వాళ్ళ మాటే నెగ్గినట్టు. మీరు మాత్రం ముందు సందులోంచి రండి, పెద్దమనుషులంతా అక్కడే నిలబడి ఉంటారు" అంది సుందరి.

దారి కూడా చెప్పే భార్య ఎంతమందికి దొరుకుతుంది? పొంగిపోయాను.

పొంగి ఊరుకున్నానా? శనివారం సాయంత్రం వీధంతా తిరిగి, వ్యాన్‌లో బోలెడు చోటుంది రమ్మని అందరికీ చెప్పాను.

"మస్తు మంచి మాట చెప్పినవ్ సార్! మా అత్తను, పోరగాండ్లను గూడ తోల్కొస్త" అంది ఎదురింటి ఆండాలు.

మొత్తం పదకొండుమంది తేలారు. పట్టుచీర నలిగి, జడ ఊడి, వ్యాన్ వద్దు మొర్రో అంటూ సుందరి దిగుతుందని నా పథకం.

ఫణికుమార్‌ని ఆఫీసులో పాలిష్ ఫణికుమార్ అంటాం. రోజుకి మూడుసార్లు కారు తుడుస్తాడు, మొహం ఒకసారే కడుగుతాడు. "గీత పడిందో, నీ మొహం చూడను" అంటూ తాళాలిచ్చాడు.

నలుగురూ చూడాలని కావాలనే అరగంట ఆలస్యంగా బయల్దేరాను. సూటు వేసుకుని, అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి ముందు సందులోకి తిప్పాను. కారు నాలుగు ఇళ్ళు దాటి ఆగిపోయింది. ఎడమ పక్క గోడ, కుడి పక్క అరుగు. తలుపు నాలుగు వేళ్ళకంటే తెరుచుకోలేదు. వెనక్కి తీద్దామంటే ఫణికుమార్ పాలిష్ అంతా గోడకి అంటుకునేలా ఉంది.

అదే బరాత్ వచ్చే వేళ. ఆ సందులోకి కారు ఎవరూ తీసుకురారు కాబట్టి, వచ్చింది పెళ్ళికొడుకేనని అందరూ ఖాయం చేసుకున్నారు. బ్యాండు మోగింది. కారు మీద పూలు కురిశాయి. కిటికీలోంచి రెండు చేతులు వచ్చి నా మెడలో గులాబీల దండ వేసి, మొహానికి అత్తరు రాశాయి. తర్వాత బట్టతల చూసి ఆగాయి.

"అరే, కృష్ణప్రసాద్ సాబ్! మీరా?" అన్నాడు అజ్మత్ అలీ. "గీ గల్లీల గింత పెద్ద కారెట్ల పడ్తది సాబ్? అందుకే దూల్హాను గూడ వ్యాన్‌లనే తెప్పిస్తున్న!"

వెనక హారన్ మోగింది. తిరిగి చూస్తే సందు బయట రోడ్డు మీద పూలతో ముస్తాబైన వ్యాన్. దాని తలుపు సర్రున జరిగింది. పెళ్ళికొడుకు షాబాజ్ రాజాలా దిగాడు. దిగి, మొహం మీద వేలాడే పూల సెహ్రా పైకెత్తి, నా పరిస్థితి చూసి, "ఫికర్ మత్ కరో అంకుల్" అని ధైర్యం చెప్పి, పదిమందితో కలిసి కారుని వెనక్కి లాగాడు. ఒక గీత కాదు, ఎడమ పక్కంతా గీతలే. కబురు అందుకుని వచ్చిన ఫణికుమార్ కారు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్న మాట ప్రకారం నా మొహం చూడలేదు.

లోపలికి వెళితే సోఫాలో కాళ్ళు చాపుకుని మా అత్తగారు. పక్కన అజ్మత్ భార్య ఖదీజా ఏదో చెబుతోంది, ఈవిడ పగలబడి నవ్వుతున్నారు. ఆవిడ నవ్వు విని రెండేళ్ళయింది. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గేసింది.

సుందరి చీర మడత చెదరలేదు.

"అందర్నీ పిలిచి ఎంత మేలు చేశారండీ! అమ్మని ఎత్తి ఎక్కించడానికి మనుషులెక్కడ దొరుకుతారా అని బెంగపడ్డాను" అంది.

"అది సరే, సందు ఇరుకని నీకు ముందే తెలుసా?"

"మొన్న మెహందీకి వచ్చినప్పుడు మూర వేసి కొలిచాను. ఫణికుమార్‌గారి కారునైతే గురువారమే కొలిచాను."

వ్యాన్ కొనడానికి అక్కడే ఒప్పేసుకున్నాను.

"అల్లుడుగారూ, ఎలాగూ ఇంతదూరం వచ్చాం, ఒక్కసారి చార్మినార్ చూపిస్తారా?" అని అత్తగారు చిన్నపిల్లలా అడిగారు.

చూపించాను. అదే స్కూలు వ్యాన్‌లో అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు. తక్కినవాళ్ళంతా సర్దుకున్నాక నాకు స్టెప్నీ మీద చోటు మిగిలింది. మెడలో పెళ్ళికొడుకు దండ అలాగే ఉంది.