చూసినవాడు భయపడాలి

"దొంగలు మీరే. వెబ్‌సైట్లు కట్టే మీ జాతి మొత్తం. అందరికన్నా ముందు నువ్వు."

ఇంత నింద మోసుకుంటూ గదిలోకి దూసుకొచ్చిన మనిషి చెప్పులు కూడా విప్పలేదు. ఆయన పేరు డేగకన్ను. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నాడు. నేరప్రపంచానికి సింహస్వప్నమనీ, ఈ శతాబ్దం ఇంకా గుర్తించని మేధావిననీ కూడా ఆయనే చాటుకున్నాడు. ఈ మేధావి ఒకసారి మతిమరుపుతో పక్కింట్లోకి దూరి, తన ఇంట్లోకి ఎవరో చొరబడ్డారని ఆ ఇంటివాళ్లనే నిలదీశాడు.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఉలిక్కిపడలేదు. ఆయన ఆమెకి స్వయానా బాబాయ్. అంతకన్నా పెద్ద కష్టమేమిటంటే, క్లయింటు కూడా. ఇంట్లో కూర్చుని సొంతంగా వెబ్‌సైట్లు డిజైన్ చేసుకు బతికే పిల్ల, బాబాయ్ డిటెక్టివ్ ఆఫీసుకీ ఒకటి చేసిపెట్టింది. అదే ఆమె నేరం.

అభియోగం ఇదీ. సైటు పెట్టి ఇన్నాళ్లయినా ఒక్క ఫోనూ రాలేదు. లోకంలో నేరాలేమీ ఆగిపోలేదు కదా. అంటే ఆయనకి రావలసిన కేసుల్ని ఎవరో మధ్యలోనే కాజేస్తున్నారు. సైటు తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఈ పిల్ల చేతిలో. ఇంకేం కావాలి?

నవ్వులాట కానిది ఒకటుంది. ఆదివారంలోగా ఒక్క కేసైనా రాకపోతే ఆఫీసు మూసేసి తన తమ్ముడి పరుపుల కొట్లో కూర్చోవాలని పిన్ని తేల్చేసింది. ఆ బెదురు బాబాయ్ గొంతులో వినబడుతోంది కాబట్టే ఆమె తలుపు చూపించలేదు.

"బాబాయ్, అసలు మీ సైట్లో..."

"ముద్దాయి మాట్లాడకూడదు. ముద్దాయిలు మాట్లాడేకొద్దీ నిజం దూరం జరుగుతుంది."

బాబాయ్ బల్ల కిందకి దూరి వైర్లన్నీ వాసన చూశాడు. మౌస్‌ని వెల్లకిలా తిప్పి, కింద ఆ ఎర్రదీపం ఎవరికి సైగ చేస్తోందని గద్దించాడు. అదీ తేలకపోయేసరికి తలుపు మీది తువ్వాలు లాగి తలకి చుట్టుకున్నాడు. ఇకనుంచి తాను తాను కాదట, కష్టాల్లో ఉన్న క్లయింటట. మారువేషంలో తన సైటుకి తానే వెళ్లి దొంగని పట్టేస్తాడట.

ఆమెని లేపి ఆ కుర్చీలో కూర్చుని సైటు తెరిచాడు. తెరంతా కారునలుపు. మధ్యలో ఒకే ఒక ఎర్రటి కన్ను. మౌస్ ఎటు కదిలితే అటు తిరుగుతుంది. కింద "నిన్ను చూస్తున్నాను" అని అక్షరాలు. బాబాయ్ గతుక్కుమన్నాడు. బాగానే భయమేస్తోందని గర్వంగా అన్నాడు. ఆ తరవాత తనకి తానే ఫోను చేద్దామని నంబరు కోసం వెతికాడు. పైకి వెళ్లాడు, కన్ను. కిందికి వెళ్లాడు, కన్ను.

నంబరు కూడా కొట్టేశారంటూ ఒక్కసారి లేవబోయాడు. చక్రాల కుర్చీ వెనక్కి జారింది. మోచెయ్యి వెళ్లి కీబోర్డు మీద పడింది. కన్ను మాయమై, స్పీకర్లోంచి మాటలు మొదలయ్యాయి.

ఏ క్లయింటుతోనైనా ఆమె ముందు కూర్చుని మాట్లాడుతుంది, వాళ్లని అడిగే రికార్డు చేసుకుంటుంది. ఎందుకంటే ఆనక "నేనలా అన్లేదే" అనని క్లయింటు ఇంకా పుట్టలేదు. నిన్న మళ్లీ విందామని తెరిచి, మూయడం మరిచిపోయిన రికార్డింగది.

"నంబరు ఎక్కడ పెట్టమంటారు బాబాయ్?"

"అసలు పెట్టొద్దు. శత్రువులకి దొరికిపోతాను. నిజంగా అవసరమున్నవాడు నన్ను తనే కనిపెట్టుకుంటాడు."

"అంత కనిపెట్టగలిగేవాడికి డిటెక్టివ్ ఎందుకు?"

"నీకు నేరప్రపంచం తెలీదమ్మాయ్."

"పోనీ ఇది చెప్పండి. సైటు చూసినవాడు తరవాత ఏం చెయ్యాలి?"

"భయపడాలి."

రికార్డింగు ఆగింది. బాబాయ్ తలమీది తువ్వాలు సర్దుకున్నాడు. తరవాత ఛాతీ విరిచాడు. "చూశావా? తీగ లాగితే డొంకంతా కదిలింది. దోషి దొరికాడు."

"దొరికాడుగా, పరుపుల కొట్లో అప్పజెప్పి వస్తాను." గుమ్మంలోంచి పిన్ని. కేకలు విని ఎప్పుడొచ్చిందో, అంతా విన్నది.

బాబాయ్ మొహం పాలిపోయింది. ఆ అమ్మాయికి చిర్రెత్తింది, కాని బాబాయ్ మీద కాదు, తన మీదే. క్లయింటు అడిగాడు కదా అని అడిగిందల్లా చేసి చేతులు దులిపేసుకుంటే అది డిజైనా, వడ్డనా? ఆదివారం దాకా ఆగమని పిన్నితో చెప్పి, సైటు మళ్లీ తెరిచి కుర్చీని ముందుకి నెట్టింది. బాబాయ్ తువ్వాలు తియ్యబోయాడు.

"ఉండనివ్వండి. మీరింకా కష్టాల్లో ఉన్న క్లయింటే. ఇంట్లో ఏదో పోయింది, కాళ్లూచేతులూ ఆడటం లేదు, చేతిలో ఫోనుంది. ఈ సైటు చూశారు. ఇప్పుడేం చేస్తారు?"

బాబాయ్ నల్లటి తెరవంక చూశాడు. ఎర్రకన్ను ఆయన్నే చూస్తోంది. ఈసారి ఆయన గర్వపడలేదు.

"ఇంకో డిటెక్టివ్‌ని వెతుక్కుంటాను," అన్నాడు చిన్నగా.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నేను దొంగనా?" అడిగింది అమ్మాయి.

"కాదు. మీ జాతిలో ఎవరూ కాదు." బాబాయ్ తెరవైపు వేలు చూపించాడు. "అమ్మాయ్, ముందు ఆ కన్ను పీకెయ్. నంబరు పెట్టు. అడుగున కాదు, పైన, పెద్దక్షరాల్లో. ఇప్పుడే, నా ఎదురుగానే పెట్టు. ఆదివారం ముంచుకొస్తోంది."