రాని నటులకు వందనాలు

ఇచ్చిన మాట ప్రకారం రిహార్సలుకు వచ్చే నటుడు నాటకరంగానికి పట్టిన చీడ! ఈ మాట నేను కోపంలో అనడం లేదు. సాంగ్లీలో మా నాట్యమండలి కోసం పదకొండేళ్ళుగా రోజూ సాయంత్రం ఆరున్నరకు గ్రంథాలయం మేడ మీది హాలు తాళం తీస్తున్న నళిని తారళేకర్ అనే నేను, మంచినీళ్ళు తాగి, బాగా ఆలోచించుకుని మరీ అంటున్నాను.

మీరే చెప్పండి, వచ్చి ఏం చేస్తారు? ఫ్యాను కింది కుర్చీ కోసం పోట్లాడతారు. టీ చల్లారిపోయిందంటారు. నా డైలాగు కోసి వాడికెందుకు అతికించారంటారు. అదే రానివాడైతే? దర్శకుడితో ఒక్కనాడైనా గొడవపడ్డాడా? రానివాడి ఉచ్చారణకు వంక పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త నాటకం మొదలుపెట్టే రోజు నటరాజు బొమ్మ ముందు కొబ్బరికాయ కొడతాం. ఆ రోజు అందరూ వస్తారు. ఇస్త్రీ చొక్కాలతో వస్తారు, ఫొటోలు దిగుతారు, భడంగ్ మరమరాలు పొట్లాలకు పొట్లాలు లాగించేస్తారు, రేపటి నుంచి పక్కా అని దర్శకుడి కాళ్ళకు దండం పెడతారు. ఆ తర్వాత వాళ్ళు నిండుగా కనిపించేది ప్రదర్శన రోజు మేకప్ గదిలోనే. మధ్యలో నలభై రోజులూ వాళ్ళ బదులు నేనుంటాను. దీన్ని మేం ప్రాక్సీ అంటాం. రానివాళ్ళందరి డైలాగులూ కుర్చీలో కూర్చుని చదవడమన్నమాట.

ఇది భాగ్యం కాదంటారా? పోయినేడు ఒక్క సాయంత్రంలో తాగుబోతు మామగారూ నేనే, నెలలు నిండిన కోడలూ నేనే, ఇద్దరు పోలీసులూ నేనే. అరెస్టు సీనులో నన్ను నేనే పట్టుకుపోయాను. అందరూ టైముకు వచ్చి ఉంటే ఈ అవకాశం ఏ మహానటికి దక్కేది?

మా హీరో శేఖర్ దేవ్‌రుఖ్‌కర్‌కు తాస్‌గావ్‌లో ద్రాక్షతోట ఉంది. మబ్బు పడితే పంట పాడవుతుందని తోటకు పరిగెత్తాలి. మబ్బు లేకపోయినా పరిగెత్తాలి, పడుతుందేమో చూడాలిగా మరి! హీరోయిన్ మృణాల్ పళ్ళ డాక్టరు. మా ఊళ్ళో పంటినొప్పులన్నీ సరిగ్గా ఆరున్నరకే మొదలవుతాయి. జనం దవడలు పట్టుకుని అల్లాడుతుంటే ఆవిడను కళ కోసం రమ్మనడం అమానుషం కాదూ?

ఈ ఏడాది మా నాటకం విడాకులకు సిద్ధపడిన భార్యాభర్తల కథ. శేఖర్ మూడు మంగళవారాలు తొంగిచూశాడు. మృణాల్ రెండు శుక్రవారాలు దయచేసింది. ఒకరు వచ్చిన రోజు రెండోవారు రాలేదు. కాబట్టి అతనికి భార్యను నేను, ఆవిడకు భర్తను నేను. ఎడమ మూల స్విచ్చిబోర్డు పక్కన నేను కూర్చుంటే, నా వైపు తిరిగి తిట్టడం, ఏడవడం, క్షమించమనడం ఇద్దరూ చక్కగా ప్రాక్టీసు చేశారు.

జిల్లా పోటీల రోజు వచ్చింది. మూడో గంట కొట్టారు, తెర లేచింది. నేను స్క్రిప్టు పట్టుకుని స్టేజికి ఎడమ పక్క, జనానికి కనబడని వింగ్‌లో నిలబడ్డాను. భర్త స్టేజి మధ్యలో, భార్య కుడివైపున. "నా కళ్ళలోకి చూసి చెప్పు" అన్నాడు శేఖర్, నా కళ్ళలోకి చూసి. "చూడలేను" అంది మృణాల్, ఆవిడా నా కళ్ళలోకే చూసి. గంటంబావు సేపు ఆ సంసారమంతా నా మొహం మీదే జరిగింది. చివర్లో కౌగిలించుకోవాల్సిన చోట ఇద్దరూ చేతులు చాచి నా మీదికే రాబోయారు. నేను గబుక్కున తెర వెనక్కి తప్పుకున్నాను. మా దర్శకుడు అప్పా కుంభోజ్‌కర్ తల పట్టుకుని మేకప్ గదిలోకి పోయి కూర్చున్నాడు.

మరి న్యాయనిర్ణేతలు ఏమన్నారో తెలుసా? భార్యాభర్తలు ఒక్కసారి కూడా ఒకరినొకరు చూసుకోకపోవడం నేటి దాంపత్యంలోని ఒంటరితనానికి అద్దం పట్టిందట. వాళ్ళు చూస్తున్న ఆ కనిపించని మూడో వ్యక్తి విధి అట. దర్శకత్వానికి మొదటి బహుమతి! వాళ్ళిద్దరూ మాట నిలబెట్టుకుని రోజూ వచ్చి ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని చచ్చేవాళ్ళు, మాకు ప్రోత్సాహక బహుమతి కూడా వచ్చేది కాదు.

ఆ విధిని నేనే. ఆహ్వానపత్రికలో విధికి పేరు వేయరు.

అప్పా చెడ్డవాడు కాదు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, డెబ్భై దాటాయి. వచ్చే ఏడాది వేషం నీకేనని పదేళ్ళుగా నాతో అంటున్నాడు. రాబోయే నాటకంలో ఒక తల్లి పాత్ర ఉంది. ఆమెకు యాభై ఏళ్ళు, ఆరు సీన్లు. నాకు యాభై రెండు. బహుమతి వచ్చిన సంతోషంలో ఉన్నాడు కదా అని వెళ్ళి అడిగాను.

అప్పా చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నీకు వేషమిస్తే మిగతావాళ్ళ డైలాగులు ఎవరు చదువుతారు తాయీ?" అన్నాడు. తాయి అంటే మా వైపు అక్క. "నటించడానికేముంది, ఎవరో ఒకరు నటిస్తారు. రోజూ వచ్చే మనిషివి నువ్వొక్కదానివే దొరికావమ్మా."

మెచ్చుకోలుగానే అన్నాడు. అందుకే ఒళ్ళు మండింది. శేఖర్‌కు తోట ఉందని వేషమిచ్చారు, మృణాల్‌కు తీరిక లేదని వేషమిచ్చారు, నేను రోజూ వస్తున్నానని ఇవ్వలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మేడ మెట్లు దిగుతూ ఏడ్చాను.

ఆ మరుసటి వారం పక్క ఊరు మిరజ్ నుంచి విలాస్ బేడగే అనే పెద్దమనిషి వచ్చాడు. అక్కడి నాటక సంఘం కార్యదర్శి. వాళ్ళ కొత్త నాటకంలో నాయనమ్మదే ముఖ్యపాత్రట, నా వయసు మనిషి కావాలట. "రిహార్సళ్ళకు రోజూ రాగలరా తాయీ?" అని అనుమానంగా అడిగాడు.

రోజూ వస్తాను, అందరికంటే ముందే వస్తాను, కావాలంటే తాళంచెవి నాకే ఇవ్వండి అనే మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"చూద్దాం. మాటివ్వలేను" అన్నాను, గోళ్ళు చూసుకుంటూ. "నాకు పనులెక్కువ."

అతను కూర్చున్నవాడల్లా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. "పోనీ, షో రోజు వచ్చినా చాలు మేడమ్" అన్నాడు. తాయి కాస్తా మేడమ్ అయింది. పాత్ర అప్పటికప్పుడే ఖాయమైంది. చూశారా, నేను ఇన్నాళ్ళూ ఎంత తెలివితక్కువగా బతికానో!

వాళ్ళ మొదటి రిహార్సలు ఇవాళే. నా పాత్ర మొత్తం నోటికి వచ్చేసింది, ఎదుటివాళ్ళవి కూడా. సాయంత్రం చీర మార్చుకున్నాను, చెప్పులు వేసుకున్నాను, మళ్ళీ విప్పేసి గుమ్మంలో కూర్చున్నాను. నటినన్నాక ఇలాంటివి నేర్చుకోవద్దూ?

ఇప్పుడు టైము ఏడయింది. మిరజ్‌లో నా డైలాగులు ఎవరో ఒకావిడ చదువుతూ ఉండి ఉంటుంది. పాపం, టైముకే వచ్చి ఉంటుంది.