ముందు మీరు పదండి

తాటిపాక దగ్గర గ్యాస్ పైపులు వేసే ఒక ప్రైవేటు కంపెనీలో రమణి టైపిస్టు. మనుషులకు పని నేర్పే ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. 2002లో కంపెనీకి శిక్షణాధికారి కావలసి వచ్చింది. ఆమె మొదటి పాఠం చూసి, నచ్చితే ఆ పోస్టు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి రాజ్‌కుమార్ గారు వచ్చారు.

పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. నిప్పంటుకుంటే ఏం చేయాలో చెప్పడం, గంట కొట్టించడం, అందరూ గబగబా బయటికి రావడం. పాఠం ముగించి "అర్థమైందాండీ?" అంది. "ఆయ్" అన్నారందరూ. ఆయ్ అంటే విన్నామని మాత్రమే, చేస్తామని కాదు. అక్కడే పుట్టి పెరిగిన రమణి ఆ పూట ఆ సంగతి మరిచిపోయింది.

గంట మోగింది. అందరిలో పెద్దవాడైన స్టోర్‌కీపరు తాతాజీ గుమ్మం దాకా వచ్చి, పక్కనే ఉన్న రాజ్‌కుమార్ గారిని చూసి ఆగిపోయాడు.

"ముందు మీరు పదండి సార్."

"పెద్దవారు, మీరే పదండి."

"ఎంత మాటండీ. మా ఊరొచ్చేరు, మిమ్మల్ని దాటి నేనెలా వెళ్తానండీ?"

పెద్దాయన కదలందే వెనకవాళ్ళు కదలరు. లెక్క ప్రకారం ఈపాటికి అందరూ బూడిదై ఉండాలి. ఎవరి మొహంలోనూ ఆదుర్దా లేదు.

గంట ఎంతకీ ఆగకపోయేసరికి, పక్క కొబ్బరితోట మహాలక్ష్మమ్మగారు నిజంగానే నిప్పంటుకుందనుకుని, కూలీలచేత నీళ్ళ బిందెలు పట్టించుకుని పరుగెత్తుకొచ్చింది. మంట లేదు గానీ హైదరాబాదు అతిథి ఉన్నాడు. ఊరికే పంపితే ఊరి పరువేం కాను? బిందెలు దించి బొండాలు కొట్టించింది. తగలబడుతున్న ఆఫీసులో రాజ్‌కుమార్ గారు కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగారు.

రమణికి ఏడుపొక్కటే తక్కువ. పోస్టు నీళ్ళపాలైందనుకుంది. మళ్ళీ ఆ గుమ్మం వైపు చూసింది. తప్పు వీళ్ళది కాదు, తన పాఠానిదని తోచింది. తాతాజీ దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, నిప్పంటుకున్నప్పుడు ముందు వెళ్ళినవాళ్ళే వెనకవాళ్ళకి దారిచ్చినట్టండి. గుమ్మంలో ఆగితే అమర్యాదండి."

తాతాజీ మొహం వెలిగింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా."

మళ్ళీ గంట కొట్టారు. తాతాజీ ముందు, మిగతావాళ్ళు వెనక, బొండాలు కొట్టే కూలీలతో సహా చూస్తుండగానే గది ఖాళీ అయింది. లోపల మిగిలింది ఒక్క రాజ్‌కుమార్ గారే. బొండాం చేత్తో పట్టుకుని, తనని ఎవరైనా రమ్మంటారేమోనని చూస్తున్నారు.

చివరికి ఆయనే నవ్వుకుంటూ బయటికి వచ్చారు. "కాలిపోయింది నేనొక్కణ్ణే. పోస్టు మీదేనమ్మా. మొదటి శిష్యుణ్ణి నేనే."

రమణి కళ్ళు తుడుచుకుంది. "అయితే ఈసారి అర్థమైందాండీ?"

"ఆయ్" అన్నారాయన.

రమణి మళ్ళీ గంట కొట్టించింది.