ఎనభైల వానపాట

ఎనభైల దశకాన్ని రాష్ట్రానికి తిరిగి తెచ్చి ఇస్తామని మంత్రి జయచంద్ర గారు అనంతపురంలో ప్రకటించారు. అరవై నాలుగేళ్ల వయసులో ఇంత పెద్ద బాధ్యత నెత్తికెత్తుకోవడం మాటలా? రోడ్లు ఎవరైనా వేస్తారు, బోర్లు ఎవరైనా వేస్తారు. పోయిన కాలాన్ని వెనక్కి తేవాలంటే గుండె కావాలి. "ఆ పాటలేవి? ఆ బెల్‌బాటమ్ ప్యాంట్లేవి? చెవుల మీదికి దిగే ఆ జుట్టేది?" అంటూ మంత్రిగారు మైకు ముందు గొంతు గద్గదం చేసుకున్నారు. వెంటనే 'జ్ఞాపకాల మిషన్' అని ఒకటి పుట్టింది. దానికో స్పెషల్ ఆఫీసరు, ఆయనకో కారు, ఆ కారుకో సైరను పుట్టాయి.

సరిగ్గా ఆ రోజుకి, నల్లమాడ అవతలి ఎర్రగుట్టపల్లెకు నీళ్ల ట్యాంకరు రాక నాలుగు రోజులైంది. ఐదు రోజులకోసారి వస్తుంది లెండి, కొత్తేం కాదు. ఈ రెంటికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. అప్పటికింకా ఏమీ లేదు.

మిషన్ తొలి ఉత్సవం అక్కడే జరపాలని నిశ్చయించి స్పెషల్ ఆఫీసరు శశికుమార్ గారు ఆ ఊరికి దయచేశారు. ఎనభైల్లో ఆయన పుట్టలేదు గనక ఆ కాలం మీద ఆయనకు ఎలాంటి దురభిప్రాయమూ లేదు. వెంకటేశులు జిరాక్స్ కొట్టు ముందు కారాపి దిగారు.

ఈ వెంకటేశులు ఒకప్పుడు కేసెట్లు రికార్డింగ్ చేసేవాడు. జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చి ఇస్తే వరసగా ఎక్కించి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి ఇచ్చేవాడు. పెళ్లికాని వాళ్ల కేసెట్టయితే గుండె బొమ్మ ఉచితం. ఇప్పుడు ఆధార్ కార్డులకు జిరాక్సులు తీస్తున్నా, పాత టేప్‌రికార్డరునూ బీరువా నిండా ఉన్న కేసెట్లనూ పారేయలేక దాచుకున్నాడు. ఆ బీరువా గురించి భార్య గంగాదేవితో రోజూ గొడవే.

"పెన్‌డ్రైవులు, ఫోన్లు పనికిరావు. మినిస్టర్ సార్‌కు ఆథెంటిసిటీ ముఖ్యం. ఒరిజినల్ కేసెట్టే తిరగాలి," అన్నారు శశికుమార్ గారు. "ఒక మంచి వానపాట కావాలి. హీరో వేషం సారే వేస్తారు."

"పాటుండాది సార్!" అన్నాడు వెంకటేశులు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక మనిషి గుమ్మంలో నిలబడి పాట అడిగేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లోపలి నుంచి గంగాదేవి గట్టిగా దగ్గింది. ఆ దగ్గుకు అర్థం అతనికి తెలుసు.

"సార్, మా వీధికి కొళాయి లేదు. ట్యాంకరు కాడ నిలబడి నిలబడి ఈమె మోకాళ్లు అరిగిపోయినాయి. ఒక్క కొళాయి వేయిస్తే..."

"డన్! సార్ స్టేజీ మీదే అనౌన్స్ చేస్తారు."

"వేస్తారా, అనౌన్స్ చేస్తారా?" గంగాదేవి తలుపు చాటు నుంచే అడిగింది.

"రెండూ ఒకటే కదమ్మా," అన్నారు శశికుమార్ గారు, ఏ కల్మషమూ లేకుండా.

ఎనభైల పాటంటే బిందెలుండాలి కదా! స్టేజీ మీద మూడు వందల బిందెలు బారులు తీరాలని ప్లాను. ఇంటింటికీ టోకెన్లిచ్చి ఊళ్లోని బిందెలన్నీ పట్టుకుపోయారు. అన్నీ ప్లాస్టిక్‌వే. శశికుమార్ గారు నొచ్చుకుని, అన్నింటికీ బంగారు రంగు కొట్టించారు. ఎర్రగుట్టపల్లె ఆడవాళ్ల చేతికి అంత బంగారం ఎన్నడొచ్చింది చెప్పండి?

ఉత్సవం రోజు మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. వచ్చిందే గానీ వీధిలో ఆగలేదు, నేరుగా స్టేజీ వైపు పోతోంది. పక్కింటి లక్ష్మక్క అడ్డంగా నిలబడి డ్రైవరు తిప్పేష్‌ను నిలదీసింది.

"యాడికప్పా పోతాండావు?"

"వానకు పోతాండానక్కా."

"మా నీళ్లు?"

"ఈ ట్రిప్పు వానకు రాసినారు. మీకు మళ్లీ ట్రిప్పు."

అంటే ఇంకో ఐదు రోజులు. గంగాదేవి మొగుడి వైపు తిరిగి ఒక చూపు చూసింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

"నీ పాటకేనా ఈ వాన?"

"పాట మంచిదే..." అన్నాడతను నీళ్లు నములుతూ. ఆ పూటకు ఆ వీధిలో ఉన్న నీళ్లు అవే.

సాయంత్రం నాలుగింటికి మంత్రిగారు వచ్చారు. తెల్ల బెల్‌బాటమ్, చెవులు దాటే కాలరు, నల్లద్దాలు, విగ్గు. జనం ఈలలేశారు. స్టేజీ పక్కన వెంకటేశులు వేలు స్టాప్ బటన్ మీదే పెట్టుకుని కూర్చున్నాడు. వానపాట ఆ వైపున ఆఖరిది. అది ముగిసిన మరుక్షణం కేసెట్ ఆపేయాలి. ఎందుకో అతనొక్కడికే తెలుసు.

సంగతేమంటే, అది మొదట్లో ఖాళీ కేసెట్ కాదు. ఎనభై తొమ్మిది ఎన్నికల్లో జయచంద్ర గారు కుర్ర అభ్యర్థి. ఆటోల్లో తిప్పడానికి ఆయన ప్రసంగం కేసెట్లు వెంకటేశులు కొట్లో వందలకొద్దీ దిగాయి. ఆయన గెలిచాక మిగిలినవాటిని తీసుకుపోను ఎవరూ రాలేదు. ప్రసంగం మీద ఇంకేదీ రికార్డు కాకుండా విరగ్గొట్టిన కేసెట్ మూల మీద ప్లాస్టరు ముక్క అంటించి, వెంకటేశులు వాటి మీదే పాటలెక్కించాడు. మంత్రిగారి మీద పాట ఎక్కించని ఇల్లు అప్పట్లో ఆ చుట్టుపక్కల లేదు. ఒక వైపుకు ముప్పై నిమిషాల టేపు, పాటలు ఇరవై ఐదు నిమిషాలు. మిగిలిన ఐదు నిమిషాలకూ అడుగున ఉన్న మంత్రిగారు అలాగే ఉన్నారు.

పాట మొదలైంది. పైపుల్లోంచి వాన కురిసింది. మంత్రిగారి పెదవులు పాటకు అర చరణం వెనక నడుస్తున్నాయి, అయినా పట్టుదలగా నడుస్తున్నాయి. అప్పుడు గంగాదేవి చీర చెంగు నడుముకు దోపుకుని, మెట్టుకొక చెయ్యేసి స్టేజీ ఎక్కింది. వరసలోంచి తన బిందె వెతికి తీసుకుని వాన కింద పెట్టింది. వెనకే లక్ష్మక్క. ఆ వెనక వీధికి వీధే.

పోలీసులు కదలబోతే శశికుమార్ గారు పరుగున వచ్చి ఆపారు. "వద్దు, వద్దు! బిందెల డాన్స్! ఇది కదా ఎనభైలంటే!"

"కొంచెం జరుగు సార్, ధార ఈ పక్క పడతాండాది," అంది లక్ష్మక్క హీరోతో.

ఆయన జరిగారు. ప్రజల నీటి సమస్య కోసం ఆయన కదలడాన్ని ఆ ఊరు చూడటం అదే మొదటిసారి.

వెంకటేశులు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. పెళ్లయ్యాక గంగాదేవి వానలో తడవడం అతను చూసిందెప్పుడు గనక! సిగ్గూ వేసింది, ముచ్చటా వేసింది. వేలు బటన్ మీదనుంచి ఎప్పుడు జారిందో తెలీలేదు. పాట అయిపోయింది. టేపు కాసేపు బుస్సుమంది. తర్వాత లౌడ్‌స్పీకర్లలో ఒక కుర్ర గొంతు ఖంగుమంది.

"అక్కలారా! అన్నలారా! తొంబై దినాల్లో ఇంటింటికీ కొళాయి! నా ఆడబిడ్డల బిందె ఇంక గడప దాటదు!"

వెంకటేశులు బటన్ కోసం తడుముకున్నాడు. కానీ అవసరం లేకపోయింది. మంత్రిగారి కుడిచెయ్యి దానంతటదే లేచింది. పెదవులు విచ్చుకున్నాయి. పాటలో అర చరణం తప్పిన మనిషి, ఇక్కడ ఒక్క అక్షరం తప్పలేదు. గొంతు ఆగినచోట ఆగారు, వణికినచోట నల్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు. "నేను మాటిస్తే..." దగ్గర టేపు అయిపోయి టక్కున ఆగింది.

"...తప్పను!" అన్నారు మంత్రిగారు, తడిసిన విగ్గు సర్దుకుంటూ. అక్కడినుంచి మిగతాదంతా ఆయనే చెప్పేశారు. గొంతు కాస్త బొంగురు పోయింది గానీ, సరుకు అదే. చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు పేపర్లలో మొదటి పేజీ: 'తొంభై దినాల్లో ఇంటింటికీ కొళాయి: మంత్రి సంచలన ప్రకటన'.

మూడో రోజు శశికుమార్ గారు పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చారు. "సార్‌కు ఆ స్పీచ్ కావాలటండీ. ఎంత క్లారిటీ! పార్టీలో అందరికీ పంపిస్తారట."

"ఎక్కిస్తా సార్," అన్నాడు వెంకటేశులు. "మరి మా కొళాయి?"

శశికుమార్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "స్పీచ్‌లో ఉంది కదండీ!"

గంగాదేవి లోపలి నుంచి రంగు పెచ్చులూడుతున్న బంగారు బిందె తెచ్చింది. బల్ల మీది జిరాక్స్ కాగితాలు పక్కకు నెట్టి, బిందె మూతి టేప్‌రికార్డరు స్పీకరుకు ఆనించి పెట్టింది. కేసెట్ వెనక్కి తిప్పి ప్లే నొక్కింది. ఆఫీసరుకు స్టూలు లాగి వేసింది.

"కూచోండి సార్," అంది. "నిండినాక పోదురు."