గమ్మునుండే గంట

1981 మే 3, ఆదివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రాగిసంకటి, చెనిగ్గింజలు నూరిన పచ్చడి, అదే ఊరిబిండి. సంకటి నేనే గెలికాను, అందుకే ఉండలు కట్టింది. ఊరిబిండి పక్కింటి వరదమ్మ గోడ మీదుగా అందించింది, అందుకే ముద్ద దిగింది. భార్య పోయిన మనిషికి పక్కింటి గోడ ఎత్తు తక్కువగా ఉండడం కూడా ఒక అదృష్టమే.

చెయ్యి కడుక్కుంటూ ఉంటే వరదమ్మ భర్త ఏకాంబరం వచ్చాడు. రేణిగుంటలో గూడ్సుబండి గార్డుగా రిటైరైనవాడు. బండి చివరి పెట్టెలో ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చున్నందువల్ల ఎవరు మాట్లాడినా ఆయనకు రెట్టింపు వినిపించేది. వరదమ్మ మాట్లాడితే నాలుగింతలు.

"సారూ, మన సత్రం హాల్లో వృద్ధుల ఉల్లాస కేంద్రమని పెట్టినారంట. సాయంత్రం పూట మనసుకు శాంతి నేర్పిస్తారంట. మీరు పోవాల."

"నాకు శాంతి ఎక్కువై చస్తున్నానయ్యా."

"అయితే తోడుగానన్నా పోండి. మా వరదకు శానా అవసరం."

ఎవరికి అవసరమో నాకు తెలుసు. ఏకాంబరం ఇంటి ముందు నున్నటి అరుగుంది. దాని మీద చింతగింజలు పందెం పెట్టుకుని, ముగ్గురు మిత్రులతో పేకాడుకోవడం ఆయన జీవితాశయం. ముక్క ఎత్తిన ప్రతిసారీ కిటికీలోంచి వరదమ్మ వ్యాఖ్యానం వచ్చిపడేది. "ఆ రాజును పారేస్తివా? ఇంట్లో నువ్వెట్లనో ఆటలో వాడూ అట్లనే!" అనేది. దాంతో చేతిలో ఏముందో అందరికీ తెలిసిపోయేది.

వరదమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

"ఏందయ్యా, నా మనశ్శాంతి మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"పెండ్లైనకాడ్నుంచీ ఉండాది. చెప్పేదానికి సందు యాడిచ్చినావు?"

"సందిస్తే మాత్రం ఏం చెప్తావులే! బండంతా పోయినాక జెండా ఊపే మనిషివి."

అయినా వచ్చింది. కొత్త చోటంటే ఆమెకు ఇష్టం.

కేంద్రం నడిపేది జయరావు. ముప్పై ఏళ్ల మనిషి, వేలూరులో ఏదో శిక్షణ పొంది వచ్చాడు. గొంతు పెరుగులా చల్లగా ఉండేది. మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఒక గంట మౌనం పాటించమన్నాడు. మొదటి రోజే సగంమంది గురక పెట్టారు. గురక మౌనం కిందికి వస్తుందా రాదా అని జయరావు చాలాసేపు ఆలోచించాడు.

అందరికంటే ముందు వచ్చి, అందరి తర్వాత పోయేది కుప్పమ్మ. కొడుకుది బట్టల కొట్టు. ఇంట్లో ఆమెకు కంచం పెట్టేవాళ్లున్నారు, మాట కలిపేవాళ్లు లేరు. వాడక తప్పి, ఆమె గొంతు నూనె లేని గిలకలా కిర్రుమనేది. పలకరిస్తే "ఊఁ" అనేది, అంతే. అయినా మా మధ్య కూర్చున్నంతసేపూ ఆమె ముఖం వెలుగుతూ ఉండేది.

మూడోనాడు మౌనం మధ్యలో వరదమ్మ లేచి నిలబడింది.

"నాయనా జయరావూ, మాకు మౌనం కావాలని నీకెవురు చెప్పినారు?"

"మనసుకు మంచిదమ్మా."

"ఈ కుప్పమ్మకు ఇంట్లో పొద్దస్తమానం మౌనమే పెడతాండారు. మళ్లా ఈడికొచ్చి అదే తినాల్నా? సచ్చినాక ఎట్లాగూ గమ్మునే ఉంటాం. దానికి ఇప్పట్నుంచే తాలీం ఎందుకబ్బా?"

గురక పెడుతున్నవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

ఆ వారమే గంగజాతరకు చాటింపు వేశారు. మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటి పోరు. మగవాళ్లు చీరలు కట్టి వేషాలు వేస్తారు. వేషంలో ఉన్నవాళ్లు ఎవరినైనా తిట్టవచ్చు. తిట్లు తిన్నవాడు అమ్మవారి దీవెన అనుకుని చేతులు జోడించాలి తప్ప ఎదురు చెప్పకూడదు.

మర్నాడు వరదమ్మ హాల్లో ఉన్న స్తంభానికి పసుపు పూసి, వేపమండ కట్టింది.

"ఇది మీ కోడలనుకోండి, కొడుకనుకోండి, రేషనంగడోడనుకోండి. లోపల ఏముంటే అది కక్కేయండి. అమ్మవారు వింటాది, స్తంభం తిరగబడదు!"

అలా గమ్మునుండే గంట కాస్తా గగ్గోలు గంటగా మారింది. ఒకాయన తన మోకాళ్లను తిట్టాడు. ఒకావిడ ముప్పై ఏళ్ల కింద చనిపోయిన అత్తగారిని పిలిచి మరీ తిట్టింది. తిట్టినవాళ్లంతా నవ్వుతూ ఇంటికి పోయేవారు. జయరావు మొదట కంగారుపడ్డాడు. తర్వాత అందరి ముఖాలూ చూసి, తనూ ఒక చాప మీద కూర్చుని వినసాగాడు.

నా వంతు వచ్చింది. నాకు తిట్టడానికి ఎవరున్నారు? అయినా స్తంభం ముందు నిలబడ్డాను.

"ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టావో చెప్పకుండా పోయావు కదే! ఇల్లంతా వెతికాను. చారు ఎలా కాచుకోమంటావు?" అన్నాను.

వెనకనుంచి వరదమ్మ గొంతు వినిపించింది. "ఇంగ రవ్వంత గట్టిగా తిట్టు అన్నా. ఆ యమ్మకు వినబడాల గదా!"

గట్టిగానే తిట్టాను. ఆ రాత్రి చాలాకాలం తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను.

కుప్పమ్మ మాత్రం రోజూ స్తంభం ముందు నిలబడేది, నోరు తెరిచేది, మాట రాక కూర్చునేది.

ఇక్కడ ఏకాంబరానికి స్వర్గం దిగివచ్చింది. సాయంత్రాలు అరుగు ఆయనది. పైగా వరదమ్మ తిట్లన్నీ స్తంభానికి ఖర్చుపెట్టి ఇంటికి వస్తోంది.

"సారూ, నిన్న కాఫీ ఇచ్చి గమ్మున పోయింది. నాకు భయమేసి తాగలేదు," అన్నాడు.

ఆ స్వర్గం వారం కూడా నిలవలేదు. హాలు ఇచ్చిన సంఘానికి ఒక అధ్యక్షుడున్నాడు. ముఖానికి చిరునవ్వు అంటనివ్వని పెద్దమనిషి. శాంతి కోసం హాలిస్తే కుళాయి దగ్గరిలా పోట్లాటలు పెడతారా, రేపే తాళం వేస్తాను అని జయరావుకు కబురు పంపాడు. జయరావు ఆ మాట చెప్పేసరికి అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు కుప్పమ్మ గొంతు కిర్రుమంది.

"ఇంగ నేను యాడికి పోవాల?"

అరుగు దగ్గరికి వచ్చి సంగతి చెబితే, అందరికంటే ఎక్కువ ఆవేశపడింది ఏకాంబరం. అరుగు చేజారిపోతోంది మరి!

"ముసలోళ్ల నోరు నొక్కుతారా? అన్యాయం! అక్రమం! నేనూరుకోను!"

"ఊరుకోవా? అయితే ఆయనింటికి పోయి తిట్టు," అంది వరదమ్మ.

"నేనా? ఆయన పెద్దమనిషి గదే!"

"జాతరలో పెద్దమనిషేంది, సిన్నమనిషేంది? వేషం కట్టు. నోరెత్తలేడు. పొలిమేర దాటి పారిపోనూలేడు."

అరగంటలో ఏకాంబరం వరదమ్మ ఆకుపచ్చ చీరలో, ముఖం నిండా పసుపుతో బయటికి వచ్చాడు. రవిక చేతుల దగ్గర పిగిలిపోయింది. ఆ వెనకే వరదమ్మ వచ్చింది. ఆమె ఒంటి మీద ఏకాంబరం గార్డు కోటు, తల మీద టోపీ, మెడలో ఈల, చేతిలో పచ్చజెండా.

"ఏమ్మే, ఆడోళ్లు వేషం కడతారా యాడన్నా?"

"నువ్వు నా చీర కడితివి. నేను నీ కోటు తొడిగితి. సరికి సరి. నడు!"

ఇరవైమంది ముసలివాళ్లం వేపమండలు పట్టుకుని ఆమె ఈల వెంట నడిచాం. దారిలో జనం అంబలి పోసి దండం పెట్టారు. అధ్యక్షుడు గుమ్మంలోకి వచ్చి, చీరలో ఉన్న ఏకాంబరాన్ని చూసి, ఆచారం కొద్దీ చేతులు జోడించాడు.

ఏకాంబరం గొంతు సవరించుకున్నాడు. పెళ్లైన నాటి నుంచి తిట్లు తినడమే తప్ప పెట్టడం తెలియని మనిషి.

"అయ్యా, తమరు మంచోళ్లే. ఇల్లు గూడా శానా బాగుండాది," అన్నాడు.

వరదమ్మ నుదురు కొట్టుకుని, ఈల ఊది, జెండా కుప్పమ్మ ముందు ఊపింది. "లైను క్లియరు! పోనీ అక్కా!"

కుప్పమ్మ నోరు తెరిచింది. కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఆ తర్వాత కట్ట తెగింది.

"ఒరేయ్! దేవుడు నీకు గుమ్మడికాయంత తలకాయిచ్చి, లోపల గింజలు పెట్టేది మరిసిపోయినాడు రా! మేము గమ్మునుంటే నీకు శాంతి. మాకు కాదు. నేను మాట్లాడతా. అరుస్తా. ఊపిరుండేదాకా అరుస్తా. ముసిలిదాన్ని గదా అని మూలకు నెడితే, మూలలోనుంచే అరుస్తా! తాళమేస్తావా? యెయ్యి, సూస్తాం!"

అధ్యక్షుడు జోడించిన చేతులు దించలేదు. ఇంతలో లోపలి నుంచి ఆయన తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఎవురమ్మా నువ్వు? ఎంత కమ్మగా తిడతాండావు! నన్నెందుకు పిలవకపోతిరి? రేపట్నుంచి నేనూ వస్తా. వీడికి చెప్పాల్సినవి నా దగ్గిర శానా ఉండాయి!"

ఆయన ముఖంలో రంగు పోయింది.

"తాళం వెయ్యనులెండి. కానీ ఆ హాలు ఎల్లుండి నుంచి పెళ్లిళ్లకు మాట ఇచ్చేశాం," అని నసిగాడు.

"హాలు లేకపోతే మానె. మా అరుగుండాది," అంది వరదమ్మ.

"అరుగు నాది!" చీర కుచ్చెళ్లు పట్టుకుని ఏకాంబరం ముందుకు దూకాడు.

"వేషంలో ఉండే మనిషి మాటకు ఎదురు చెప్పకూడదయ్యా. అమ్మవారికి కోపమొస్తాది."

"నేనూ వేషంలోనే ఉండా!"

"అయితే తిట్టు. అందరి ముందరా తిట్టు. ఇచ్చేస్తా నీ అరుగు."

ఏకాంబరం గట్టిగా ఊపిరి పీల్చాడు. వేలు చూపించాడు. పెదవులు కదిలాయి. చివరికి, "సూడు వరదా... కనీసం ఆదివారమన్నా..." అన్నాడు.

వరదమ్మ ఈల ఊదేసింది.

అటునుంచి అటే అందరం ఆ అరుగు మీదికి చేరాం. మమ్మల్ని చూసి పేకాట మిత్రులు చింతగింజలు తువ్వాల్లో మూటకట్టారు. కానీ పోలేదు, చాప మీద చోటు అడిగారు. అక్కడ స్తంభం లేదు కదా అని జయరావు సందేహపడితే వరదమ్మ ఏకాంబరాన్ని చూపించింది. "పసుపు గూడా పూసే ఉండాది!"

పొద్దుగూకాక అందరూ లేచారు. కుప్పమ్మ లేవలేదు. ఆమె చెబుతూనే ఉంది. చిన్నప్పటి నగరి ఊరి గురించి, నాయన మగ్గం గురించి, ఇన్నేళ్లు ఎవరూ అడగనివన్నీ చెబుతోంది. గార్డు కోటులో వరదమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. నేను నా గుమ్మం ముందు నిలబడి విన్నాను.

ఏకాంబరం ఇంకా చీరలోనే గడప దగ్గరికి వచ్చాడు.

"వరదా, ఇంగ లోపలికి రాగూడదా?"

"నువ్వు పండుకోపో. మేము మాట్లాడుకుంటాండాం."

ఆయన దీపం వాళ్ల దగ్గరికి జరిపి పెట్టి, కొంగు తలుపు సందులో పడకుండా లోపలికి లాక్కుని, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.